జయరావు చెప్పిన సాక్ష్యం

"నువ్వా, కాదా? ఒక్క మాట చెప్పమ్మా, చాలు."

శ్రీరమ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు. గుంటూరులో తెల్లారుతూనే బస్సెక్కి, దర్శిలో దిగి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని వచ్చిన పిల్ల. భుజాన బ్యాగు అలాగే వేలాడుతోంది. చెప్పులు కూడా విప్పలేదు.

మిరప కళ్లానికి పోదామని తలకి తువ్వాలు చుట్టుకుంటున్న దేవకుమారి చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ముందు లోపలికి రావే. మొహం కడుక్కో. ఏమన్నా తిన్నావా?"

"నేనడిగింది తిండి సంగతి కాదు."

"అంత దూరం నుంచి వచ్చావు. కాసిని టీ నీళ్ళన్నా..."

"అమ్మా!"

ఆ కేకకి పక్కింటి వాకిట్లో చీపురు చప్పుడు ఆగిపోయింది.

శ్రీరమ్య ఫోను తీసి తల్లి మొహం ముందు పెట్టింది. దేవకుమారి చూడక్కర్లేదు. నిన్న సాయంత్రం దర్శి ప్రార్థన కూటాల్లో, ఆడవాళ్ళ మధ్య కూర్చుని తన చెవులతో తను విన్నదే. అయినా ఫోన్లోంచి మొగుడి గొంతు మళ్ళీ వినపడేసరికి పక్కింటి వైపు చూసింది.

"...నా భార్య కోపం మనిషండీ. ఆ రోజు అన్నం దగ్గర మాటా మాటా పెరిగింది. గంజి వారుస్తున్న గిన్నె ఎత్తి నా మీదకి విసిరింది. నాకు తగల్లేదు. పక్కన ఆడుకుంటున్న నా బంగారు తల్లి మీద పడింది. ఏళ్ళ తరబడి ఆవిడ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే తాగాను. కానీ దేవుడు ఈ పాత మనసు తీసేసి కొత్త మనసు పెట్టాడు. ఇయ్యాళ నా భార్యని నేను పూర్తిగా క్షమించాను. నమ్మినవాళ్ళు ఆమెన్ అనండి!"

మైదానమంతా ఆమెన్ అంది. ఆ హోరులోనే శ్రీరమ్య ఫోను ఆపేసింది.

"హాస్టల్లో అందరూ చూశారు. మా వార్డెన్ మేడం పిలిచి, మీ నాన్నగారిది ఎంత పెద్ద మనసమ్మా అంది. నేను తలూపి వచ్చేశా. ఏం చెప్పను? నాకు చిన్నప్పట్నుంచీ నువ్వు చెప్పింది వేరు గదా."

దేవకుమారి తలకి చుట్టిన తువ్వాలు సవరించుకుంది.

"నేనే గిన్నె లాక్కున్నానన్నావు. ఏడాదిన్నర పిల్లవి, పొయ్యి దగ్గరికి పాక్కుంటూ వచ్చి గిన్నె లాగి మీద పోసుకున్నావు, అంత దూకుడు నీది, అన్నావు. మేనత్తలు, మామయ్యలు అందరూ నన్ను గంజిగిన్నె పిల్లా అని పిలిచి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని."

నవ్వేదే. మెడ కింద నుంచి ఎడమ మోచేతి దాకా ముడతలు పడిపోయిన చర్మాన్ని నిండు చేతుల చుడీదార్లో దాచుకుని, ఎవరైనా అడిగితే నా దూకుడేనండీ అని తనే నవ్వుతూ చెప్పేది. నర్సింగు కోర్సులో చేరినప్పుడు కూడా అలాగే చెప్పింది.

నాలుక చివర దాకా వచ్చింది ఒక్క మాట. మీ నాన్నే అని. అంతే, దాన్ని దాటి బయటికి రాలేదు. ఇన్నేళ్ళూ ఆ మాటని లోపలికే తోసి తోసి, ఇప్పుడు రమ్మంటే దానికి దారి తెలియలేదు.

పెరటి తలుపు చప్పుడైంది. జయరావు స్నానం చేసి, భుజం మీద తువ్వాలుతో లోపలికొచ్చాడు. కూతుర్ని చూసి విప్పారబోయిన మొహం, ఆమె చేతిలో ఫోను చూడగానే ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చావురా తల్లీ?"

"నాన్నా, నువ్వు చెప్పింది నిజమేనా?"

జయరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్ళీ తుడుచుకున్నాడు.

"పాత సంగతులెందుకమ్మా ఇప్పుడు. అయిపోయినయ్యి. నేను క్షమించాను. నువ్వూ మీ అమ్మని క్షమించు."

దేవకుమారి తల తిప్పి మొగుడి వంక చూసింది. నిన్న కూటాల దగ్గర్నుంచి ఊరి జనమంతా ఒకే ట్రాలీలో వచ్చారు. ఆ ట్రాలీలో పక్కన కూర్చున్న ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని, "ఎంత అదృష్టం చేసుకున్నావమ్మా, అట్టాంటి మొగుడు దొరికాడు" అంది. అప్పుడు కూడా ఆమె ఏమీ అనలేదు. ఇంటికొచ్చి అన్నం పెట్టింది. అతను తిన్నాడు. ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు అడిగింది.

"నేను విసిరానా?"

జయరావు తువ్వాలు దణ్ణెం మీద వేశాడు.

"నిన్నే అడిగేది. నేను విసిరానా గిన్నె?"

"నువ్వే గదా చెప్పింది, గుంటూరు ఆసుపత్రిలో. నా చేతిలోంచే జారిందని. డాక్టర్లకి చెప్పావు, కానిస్టేబులు వస్తే ఆయనకీ అదే చెప్పావు."

"జారిందన్నా. విసిరానన్లా."

"రెండూ ఒకటే లే."

"ఒకటేనా?"

"తాగున్నా దేవీ! ఒంటి మీద తెలివి లేదు. నాకేం గుర్తుంది చెప్పు? నువ్వు చెప్పిందే నాకు తెలుసు."

ఆ మాటతో ఆమె నోరు మళ్ళీ మూతబడింది. ఎందుకంటే ఆ మాట ఆమె నమ్ముతుంది. అతనికి గుర్తు లేదన్నది ఆ ఇంటికి పునాది. ఆ నమ్మకం మీదే ఆసుపత్రిలో అబద్ధమాడింది, ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళు కాపురం చేసింది. కూతురి చెయ్యి వంక అతను చూసినప్పుడల్లా, పాపం ఈ మనిషికి తెలీదు, తెలిస్తే తట్టుకోలేడు అని జాలిపడేది.

శ్రీరమ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తల్లి కాదనలేదు. తండ్రి కళ్ళెత్తలేదు.

"మీ ఇద్దర్లో ఎవరూ నాకు చెప్పరన్నమాట," అని వెనక్కి తిరిగింది. "నేను పక్కింట్లో అమీర్‌బీ పెద్దమ్మ దగ్గర ఉంటా."

"రమ్యా!"

వాకిలి దాటి వెళ్ళిపోయింది.

జయరావు తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"రేపు ఆదివారం. అయ్యగారు నా మీద చేతులుంచి సంఘ పెద్దగా ప్రతిష్ఠ చేస్తానన్నారు. మా నాన్న ఈ సంఘంలో చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు దేవీ, తాగుబోతని లోపలికి రానీలా. నేను ముందు వరసలో కూర్చోబోతున్నా. ఒక్క రోజు. ఈ ఒక్క రోజు గొడవ బయటికి పోనీకు."

దేవకుమారి తలకున్న తువ్వాలు విప్పేసింది. కళ్లానికి పోలేదు. చర్చి వైపు నడిచింది.

* * *

పాస్టరు ఏసుబాబు అయ్యగారు లేరు. కూటాల పందిరి సామాను అప్పజెప్పి రావడానికి దర్శి వెళ్ళారని ఆయన భార్య రెబెకా అమ్మగారు చెప్పింది. వసారాలో నాపరాళ్ళ మీద కూర్చుని ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. దేవకుమారిని చూసి పక్కనే చోటిచ్చింది. మంచి మనిషి. జయరావు తాగి పడిపోయిన రోజుల్లో దేవకుమారి ఇంటికి కూర గిన్నె పంపేది. మీ ఆయన మీద నీకు నమ్మకం పోయినా దేవుడి మీద పోగొట్టుకోవద్దని చెప్పింది కూడా ఆవిడే.

"అమ్మగారూ, నేను విసరలేదండీ."

కాయ ఒలుస్తున్న వేళ్ళు ఆగాయి.

"గిన్నె ఆయన తన్నాడు. అన్నం ఇంకా వార్చలేదా అని అరిచి కాలితో తన్నాడు. నేను విసరలేదు. నా చేతిలోంచి జారనూ లేదు."

ఇన్నేళ్ళలో ఆ సంగతి నోటితో పలకడం అదే మొదలు. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. కూతురి ముందు రాని మాట ఇక్కడెలా వచ్చిందో అర్థం కాలేదు.

 అమ్మగారు చేటలో కాయల్ని అటూ ఇటూ సర్దింది.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"కేసవుద్దని. తర్వాత పిల్ల తండ్రిని చూసి భయపడుద్దని. ఆ తర్వాత... అలవాటైపోయింది."

"జయరావుకి తెలుసా?"

"గుర్తు లేదంటాడు."

"చూశావా మరి! తెలీక చెప్పిన మాటమ్మా అది. కావాలని చెప్పింది కాదు." ఆవిడ గొంతులో ఊపిరి తీసుకున్నంత తేలిక వినిపించింది. "నేనొకటి చెప్తా, తప్పుగా అనుకోకు. నిన్న ఆ సాక్ష్యం విని తాగుడు మానేస్తామని లేచి నిలబడ్డవాళ్ళున్నారు. ఇప్పుడు నువ్వు పోయి అదంతా అబద్ధమంటే వాళ్ళేమవుతారు? సంఘంలో లేని ఎదురు వీధివాళ్ళు ఎట్టా నవ్వుకుంటారు?"

"ఆయన్ని ఏమీ చెయ్యమనట్లేదండీ. నా కూతురు నన్ను..."

"పిల్ల రేపు మాపు సర్దుకుంటుంది. తల్లి మీద కోపం ఎన్నాళ్ళుంటుంది? కూటాల మూడు రోజులూ అయ్యగారు చెప్పిందేంటి? మనసు కొత్తదవ్వాలని. కొత్తదవ్వడమంటే పాతది తవ్వుకోకపోవడమేనమ్మా. నీ లోపల ఇంకా పగుంది. అది దేవుడికి అప్పజెప్పెయ్."

"పగ లేదమ్మగారూ. ఉంటే ఈపాటికి చెప్పేసేదాన్ని."

అమ్మగారికి ఆ మాట వినపడిందో లేదో. చేట పక్కన పెట్టి, దేవకుమారి తల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టింది. ఈ కుమార్తెకి నూతన మనసు దయచెయ్యి తండ్రీ అంది. ఈమె నోటికి కావలి ఉండు అంది. ఈ ఇంటి పరువు కాపాడు అంది. ఆ ప్రార్థనలో ఎక్కడా జయరావు మనసు ఊసు రాలేదు.

చివర్లో దేవకుమారి ఆమెన్ అంది. అన్నాక గానీ తెలియలేదు, ఏ మాటకి తను ఒప్పుకుందో.

* * *

మిరప కళ్లాల దగ్గరికి పోయేసరికి పొద్దు నడినెత్తికొస్తోంది. పత్తి పీకేసిన చేలు నల్లగా బీటలు తీసి ఉన్నాయి. వాటి అవతల కనుచూపు మేర ఎర్రగా ఆరబోసిన కాయలు. ఘాటుకి ముక్కు మండింది. పట్టా పందిరి కింద అమీర్‌బీ రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఎదురుగా శ్రీరమ్య కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఏరుతోంది, చున్నీ ముక్కుకి కట్టుకుని.

"పొద్దుటి నుంచీ నన్ను చంపుతోంది నీ కూతురు," అంది అమీర్‌బీ. "ఏం జరిగిందో చెప్పు పెద్దమ్మా, చెప్పు పెద్దమ్మా అని. నేను చెప్పలా. నీ తల్లి నోటితోనే వినమన్నా."

శ్రీరమ్య తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

దేవకుమారి ఎదురుగా కూలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివర్నుంచే మొదలుపెట్టింది.

"మీ నాన్న తన్నాడు గిన్నెని."

అమీర్‌బీ కళ్ళు మూసుకుంది.

"తాగొచ్చాడు. అన్నం ఉడికింది, వారుస్తున్నా. నువ్వు నా కొంగు పట్టుకుని నిలబడున్నావు. ఎంత సేపే అని కాలెత్తాడు. నా మీదకే అనుకున్నా, పక్కకి జరిగా. నేను జరక్కపోతే నా మీద పడేది. నేను జరిగా రమ్యా. అందుకే నీ మీద పడింది. ఈ పెద్దమ్మ గోడ దూకొచ్చి నిన్ను ఎత్తుకుని తొట్లో నీళ్ళు పోసింది."

"నేను గిన్నె లాగలేదా?"

"లాగలా."

"అసలు ముట్టుకోను కూడా లేదా?"

"లేదు తల్లీ."

శ్రీరమ్య చున్నీ ముక్కు మీంచి లాగేసింది. ఘాటుకో దేనికో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంటే నేనేం చెయ్యలేదా?"

ఆ ప్రశ్న వింటుంటే దేవకుమారికి నిన్న మొగుడు చెప్పిన సాక్ష్యం కంటే ఎక్కువ నొప్పి పుట్టింది. పిల్లకి తండ్రంటే భయం లేకుండా పెంచాననుకుంది. తనంటే తనకే భయం పెట్టి పెంచానని ఇప్పుడే తెలిసింది.

"స్కూల్లో రంగులరాట్నం ఎక్కమంటే నేనెక్కలేదు," అంది శ్రీరమ్య మెల్లగా. "నేను దూకుడు పిల్లని గదా, పడిపోతానేమోనని. వార్డులో ఇంజెక్షన్ చెయ్యాలంటే నా చెయ్యి వణుకుద్ది. ఏదో ఒకటి ఒలకబోస్తాను, ఎవరికో హాని చేస్తాను అని. సిస్టర్లు తిడతారు. ఎందుకో నాకే తెలిసేది కాదు. నాన్న నిన్న ఒక్కరోజు అబద్ధం చెప్పాడమ్మా. నువ్వు రోజూ చెప్పావు."

"నీ కోసమేనే..."

"నా కోసమా?"

 దూరంగా కూలీలు బస్తాలు ఎత్తుతూ కేకలు వేస్తున్నారు.

"మీ నాన్నకి గుర్తు లేదు," అంది దేవకుమారి, చివరికి. ఎందుకందో ఆమెకే తెలియదు. అడక్కుండానే నోరు మళ్ళీ అతని వైపే పోయింది. "తెలిస్తే అట్టా చెప్పేవాడు కాదు. తెలీక చెప్పాడు."

అమీర్‌బీ చేతిలో కాయలు గంపలో పడేసింది.

"గుర్తుంది."

"ఏందక్కా?"

"జయరావుకి గుర్తుంది దేవమ్మా. ఇంక నేను దాచలేను." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "తాగుడు మానేసిన కొత్తలో, బాప్తిస్మం తీసుకునే ముందు, ఒక రోజు గోడ దగ్గరికొచ్చాడు. అక్కా, ఆ రోజు నేను తన్నడం నువ్వు చూశావు గదా అన్నాడు. చూశానన్నా. నాకు గుర్తుందని దేవికి తెలీదు, చెప్పమాక అన్నాడు. ఏడ్చాడు గూడా, గోడకి తల ఆనించి. మనిషి మారుతున్నాడు, ఇయ్యాళ కాకపోతే రేపు తనే చెప్పుకుంటాడులే అని ఊరుకున్నా. ఇట్టా తిప్పి చెప్తాడని నాకేం తెలుసు?"

దేవకుమారి ఆవిడ వంక చూసింది.

"నువ్వు గూడానా అక్కా."

"తిట్టు. నాలుగు తిట్టు. ఊరికే అట్టా చూడమాక."

తిట్టలేదు. లేచి చీర దులుపుకుంది. శ్రీరమ్య ఆమె వెనకే రాలేదు. అమీర్‌బీ వెళ్ళమని సైగ చేస్తే పిల్ల తల అడ్డంగా ఊపడం ఓరకంట కనిపించింది.

చేల గట్టు మీద ఒక్కతే నడిచింది. కోపం వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. లోపల ఇల్లు కూలిపోతే ధూళి లేచినట్టు ఏదో లేచింది, అంతే. తెలీని మనిషని జాలిపడింది. ఆ జాలిని అతను రోజూ కళ్ళారా చూశాడు. అన్నం పెడుతుంటే చూశాడు, పిల్ల చేతికి నూనె రాస్తుంటే చూశాడు. చూసి ఊరుకున్నాడు. పైగా నిన్న మైకు ముందు నిలబడి ఆమెని క్షమించాడు.

గట్టు చివర ఆగింది. కూటాల్లో అయ్యగారు చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. లోకం నీ చుట్టూ ఒక గీత గీస్తుంది, దాంట్లోనే తిరగడం అలవాటైపోయి అదే దేవుడు పెట్టిన హద్దనుకుంటావు, అన్నారు. అప్పుడు ఆమె మగవాళ్ళ వైపు చూసింది, మొగుడు వింటున్నాడా లేదా అని. మూడేళ్ళుగా ప్రతి ప్రార్థనలోనూ అతని మనసు మారాలనే అడిగింది. తన మనసు సంగతి ఎప్పుడూ తట్టలేదు. పొద్దున కూతురు ఒక్క మాట అడిగితే చెప్పలేకపోయిన మనసు, మోసపోయానని తెలిసే ముందు క్షణం దాకా అతన్నే వెనకేసుకొచ్చిన మనసు, అది ఎవరిది? ఆయన పరువు, ఆయన పేరు, ఆయన కోపం అని మొదలుపెట్టి, మిగిలిందేమైనా ఉంటే పిల్ల, ఆ తర్వాత నిజం. అదే వినయం అనుకుంది. అదే భక్తి అనుకుంది.

"దేవా, నాది గూడా పాతదేనయ్యా," అంది పైకే. తల మీద ఎవరి చెయ్యీ లేదు. ఇంకేం అడగాలో తెలియలేదు. కాసేపు అక్కడే నిలబడి, ఇంటి దారి పట్టింది.

* * *

జయరావు సాయంత్రం తన లోడు ఆటో కడుగుతున్నాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. బకెట్లో గుడ్డ ముంచి పిండుతూ, "రమ్య ఏదీ?" అన్నాడు.

"అమీర్‌బీ చెప్పింది."

ఏమని అడగలేదు. గుడ్డ బకెట్లో వదిలేశాడు. ఆటో అంచు మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"చెప్పడానికే లేచా దేవీ."

"ఏంది?"

"నిన్న. నేనే తన్నానని చెప్పడానికే లేచా. నువ్వు నమ్మవు. దేవుడి తోడు, దాని కోసమే లేచా. నా ముందు చెప్పినవాళ్ళందరూ తాగాం, మానేశాం, అంతే చెప్పారు. నేను నిజం చెప్పేద్దామనుకున్నా. గంజి గిన్నె అన్నా. అంత మంది జనం. ముందు వరసలో అయ్యగారు, బయటి నుంచొచ్చిన పెద్దలు. నువ్వు గూడా కనపడ్డావు. అక్కడ నోరు తిరిగిపోయింది. నా భార్య అన్నా. అన్నాక ఇంక వెనక్కి రాలేకపోయా. జనం ఆమెన్ అంటుంటే... బాగుంది. నిజం చెప్తున్నా, బాగుంది."

ఆమె వింటూ నిలబడింది. ఈ మనిషి ఇంత నిజం ఎప్పుడూ మాట్లాడలేదు. అందులో ఎంత నమ్మాలో తెలియడం లేదు. నిన్నటి దాకా అయితే ఈ పాటికి అతని పక్కన కూర్చుని, పోనీలే అని ఉండేది.

"నేను చెప్పిన అబద్ధం నిన్ను జైలుకి పోకుండా కాపాడింది. దాన్నే తీసుకుపోయి దాంతోనే నన్ను కొట్టావు."

"రేపు చెప్తా. రేపు సంఘంలో అందరి ముందూ చెప్తా."

"చెప్పమని నేనడగను."

"మరి చెప్పొద్దంటావా?"

"వద్దనీ అనను." ఆమె గొంతు పెరగలేదు. "ఇంక నీకు మాటలు అందించడం నా వల్ల కాదు. అది మాత్రం చెప్పడానికొచ్చా. రమ్యకి అంతా చెప్పేశా."

జయరావు ఆటో అంచు మీంచి లేచాడు.

"అదేమంది?"

"నీ గురించి ఏమీ అనలేదు. నన్నే అంది."

* * *

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు, వీడియో చూసినవాళ్ళు. జయరావు తెల్ల చొక్కాలో మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్నాడు. శ్రీరమ్య వచ్చింది గానీ తల్లి పక్కకి రాలేదు. తలుపు దగ్గర చాప అంచున, ఎప్పుడైనా లేచిపోవడానికన్నట్టు కూర్చుంది.

ఆ సంఘంలో పాట ఎత్తేది దేవకుమారి. ఆమె ఎత్తితే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు, ఆ తర్వాతే డప్పు. ఆ పొద్దున కూడా మామూలుగానే రెండు పాటలు ఎత్తింది. గొంతు ఎక్కడా వణకలేదు.

వాక్యం అయ్యాక ఏసుబాబు అయ్యగారు నవ్వుతూ లేచారు. "మన సహోదరుణ్ణి దేవుడు ఎలా మార్చాడో దర్శి అంతా విన్నది. చేతులుంచే ముందు, మన సొంత సంఘంలో మరొక్కసారి ఆయన నోటనే విందాం," అని మైకు జయరావు చేతికిచ్చారు.

జయరావు లేచి జనం వైపు తిరిగాడు.

"అందరికీ వందనాలు," అన్నాడు. కొంతమంది వందనాలన్నారు. "నేను... మొన్న కూటాల్లో ఒక మాట చెప్పాను. నా భార్య గురించి."

ఆగాడు.  తలుపు వైపు చూశాడు. శ్రీరమ్య కూడా తిన్నగా అతని వంకే చూస్తోంది.

"ఆ గిన్నె..."

అంతే. అక్కణ్ణుంచి మాట కదల్లేదు. పెదాలు ఆడుతున్నాయి గానీ మైకులో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. అయ్యగారి నవ్వు మెల్లగా తగ్గింది. ఎవరో ముసలాయన "స్తోత్రం, స్తోత్రం" అని సాయం చేశాడు. ఆడవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. పాపం ఏడుపొచ్చిందేమో అంది ఒకామె.

సంఘంలో ఎవరి నోరైనా అలా ఆగిపోతే ఒక పద్ధతుంది. పాట ఎత్తుతారు. రెండు చరణాలు పాడేలోపు ఆ మనిషి కళ్ళు తుడుచుకుని కూర్చుంటాడు, సభ ముందుకు సాగిపోతుంది. జయరావు ప్రార్థనలో తడబడినప్పుడల్లా దేవకుమారే ఎన్నిసార్లు అందుకుందో లెక్కలేదు.

రెబెకా అమ్మగారు ముందు నుంచి వెనక్కి తిరిగింది. దేవకుమారి వంక చూసి, కళ్ళతోనే ఎత్తమంది.

డప్పు దగ్గర కూర్చున్నతను చెయ్యి పైకి లేపి సిద్ధంగా ఉన్నాడు. ఒక్కొక్కరే ఆడవాళ్ళు ఆమె వైపు తిరిగారు. జయరావు కూడా తిరిగాడు. ఆ కళ్ళల్లో ఏముందో ఆమెకి తెలుసు. అది చెప్పనివ్వమని అడుగుతున్న చూపో, ఆపమని అడుగుతున్న చూపో మాత్రం తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

పాట గొంతులోనే ఉంది. మొదటి మాట నాలుక మీదకి వచ్చేసింది కూడా.

దేవకుమారి పెదాలు బిగబట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొగుడి మొహంలోకి చూస్తూ కూర్చుంది.

చర్చిలో ఫ్యాన్ల చప్పుడు వినపడసాగింది. మైకు పట్టుకున్న జయరావు నోరు తెరిచాడు.